ఉషోదయ ఛాయాచిత్రాలలో రంగు దోషం

ఉషోదయ ఛాయాచిత్రాలలో రంగు దోషం అనగా తెల్లవారుజామున, సూర్యోదయానికి కొంచెం ముందు వెనుకలుగా డిజిటల్ కెమెరాతో గాని సెల్‌ఫోనుతో గాని తీసిన చిత్రంపై పొరలాగ పరచుకొని కనిపించే నీలి, పసుపు, ఆకుపచ్చ లేదా ఊదా ఛాయ. స్టూడియోల వారు దీనిని కలర్ కాస్ట్ అంటారు. తీసిన వ్యక్తి కంటికి తెల్లగా కనిపించిన వస్తువు చిత్రంలో తెల్లగా లేకపోవడం దీని ప్రధాన లక్షణం. కెమెరా చెడిపోవడం వలన ఇలా జరగడం చాలా అరుదు. వేకువ వేళ ఒకే దృశ్యంపై రెండు మూడు రకాల వెలుతురు ఏకకాలంలో పడుతూ ఉంటుంది. కెమెరా మాత్రం వాటన్నిటికీ కలిపి ఒకే సవరణ చేస్తుంది. అందువలన దోషం ఏ రంగులో ఉన్నదని చూడడం కంటె, చిత్రంలో ఏ భాగంలో ఉన్నదని చూడడం వలన కారణం త్వరగా దొరుకుతుంది.

సిద్దిపేటలో వేకువ వెలుతురు

తెలంగాణ రాష్ట్రంలోని సిద్దిపేట పట్టణం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉన్నది. ఇక్కడ సూర్యోదయం జూన్ నెలలో దాదాపు 5:40 గంటలకు, జనవరి మధ్యలో 6:50కి కొంచెం ముందు జరుగుతుంది. ఉష్ణమండలం కావడం చేత సూర్యుడు క్షితిజం మీదికి ఏటవాలుగా కాక దాదాపు నిటారుగా లేస్తాడు. సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీల దిగువన ఉన్నప్పటి నుండి పైకి తొంగిచూసే వరకు పట్టే కాలం ఇక్కడ 22 నుండి 24 నిమిషాలు మాత్రమే. లండన్‌లో జూన్ నెలలో ఇదే దశ 45 నిమిషాలకు మించి సాగుతుంది. కనుక శీతల దేశాల వారు వ్రాసిన పుస్తకాలలోని సూచనలను ఇక్కడ యథాతథంగా పాటిస్తే ఫలితం సరిగా రాదు. కోమటి చెరువు కట్టపై నిలబడి ఒక అమరిక చేసుకొని పది చిత్రాలు తీసేలోపు వెలుతురు రంగే మారిపోతుంది. మొదటి చిత్రానికి సరిపోయిన అమరిక పదవ చిత్రానికి తప్పు అవుతుంది.

సూర్యుడు ఉదయించక ముందు నేల మీదికి వచ్చే వెలుతురు అంతా ఆకాశం నుండి చెదరి వచ్చినదే. గాలి అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా చెదరగొడతాయని బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1871లో వివరించాడు. ఈ చెదరడం తరంగదైర్ఘ్యపు నాలుగవ ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఆ లెక్కన 450 నానోమీటర్ల నీలి కాంతి, 650 నానోమీటర్ల ఎర్ర కాంతి కంటె నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. అయితే వేకువ వేళ నడినెత్తిన కనిపించే గాఢ నీలానికి ఇది ఒక్కటే కారణం కాదు. ఆ సమయంలో సూర్యకిరణాలు ఓజోన్ పొర గుండా చాలా దూరం అడ్డంగా ప్రయాణిస్తాయి. ఓజోన్ నారింజ, ఎరుపు కాంతులలో కొంత భాగాన్ని పీల్చుకొంటుంది. ఆ నీలంలో ఓజోనుదే పెద్ద పాత్ర అని అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ హల్బర్ట్ 1953లో చూపించాడు.

సూర్యుడు పైకి రాగానే పరిస్థితి తారుమారవుతుంది. క్షితిజం వద్ద ఉన్న సూర్యుని కిరణాలు, నడినెత్తి నుండి వచ్చే కిరణాలతో పోల్చితే సుమారు 38 రెట్లు గాలిని దాటి రావలసి ఉంటుంది. దారిలో నీలం చెదరిపోయి ఎరుపు, పసుపు మిగులుతాయి. అయినా నీడలో ఉన్న భాగాలకు ఇంకా ఆకాశపు నీలి వెలుతురే అందుతూ ఉంటుంది. అంటే ఎండ పడిన చెట్టు మొదలు పసుపు ఎరుపులోను, దాని వెనుక నీడ నీలంలోను ఒకే క్షణంలో ఉంటాయి.

వెలుతురు రంగును కెల్విన్లలో చెప్పడం ఆనవాయితీ. కొవ్వొత్తి వెలుగు సుమారు 1900, అప్పుడే ఉదయించిన సూర్యుని కాంతి 2000 నుండి 3000, మధ్యాహ్నపు ఎండ 5500, మబ్బు పట్టిన పగలు 6500 నుండి 7500 కెల్విన్లు ఉంటుంది. సూర్యోదయానికి ముందటి నీలి వెలుతురు 10,000 కెల్విన్లు దాటుతుంది. సంఖ్య పెరిగే కొద్దీ వెలుతురు నీలం వైపు మొగ్గుతుంది. కొత్తవారు ఇక్కడే తికమక పడతారు. కెమెరాలో కెల్విన్ సంఖ్యను పెంచితే చిత్రం నీలంగా కాక పసుపుగా మారుతుంది. ఆ సంఖ్య "వెలుతురు ఇంత నీలంగా ఉన్నది" అని కెమెరాకు చెప్పడం. కెమెరా ఆ నీలాన్ని తగ్గించడానికి పసుపును కలుపుతుంది.

కన్ను, కెమెరా

మనిషి కన్ను పరిసరాల వెలుతురుకు నిమిషాలలోనే అలవాటు పడుతుంది. తెల్ల పంచె వేకువ నీలంలోనైనా, మధ్యాహ్నపు ఎండలోనైనా తెల్లగానే తోస్తుంది. పైగా మసక వెలుతురులో కన్ను రంగులను చూసే తీరే మారుతుంది. ఎర్రని పువ్వులు నల్లగాను, ఆకులు, నీలి పువ్వులు కాస్త వెలుగుతున్నట్లుగాను కనిపిస్తాయి. చెక్ శరీరధర్మ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే 19వ శతాబ్దపు తొలి భాగంలో దీనిని గమనించాడు కనుక దీనికి ఆయన పేరే పెట్టారు. కెమెరాకు ఈ మార్పు లేదు. మసకలో మందార పువ్వు చూసినవారికి నల్లగా, చిత్రంలో ఎర్రగా ఉంటే కెమెరాను తప్పు పట్టడానికి లేదు.

కెమెరా లోపలి సెన్సారు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ళ జల్లెడ ఉంటుంది. కోడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ దీనికి 1976లో పేటెంటు పొందాడు. ఇందులో సగం గళ్ళు ఆకుపచ్చవి, మిగిలిన సగంలో ఎరుపు, నీలం చెరి సమానం. ఈ మూడింటి నుండి వచ్చిన విలువలను ఏ నిష్పత్తిలో హెచ్చించాలో నిర్ణయించే అమరికనే వైట్ బ్యాలెన్స్ అంటారు. ఆటో అమరికలో ఉంచితే కెమెరా ఆ నిష్పత్తిని ఊహించుకొంటుంది. దృశ్యంలోని రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిద రంగు రావాలి అన్నది ఆ ఊహకు పాత కాలపు ఆధారం. నేటి ఫోన్లు ముఖాలను, ఆకాశాన్ని కూడా గుర్తించి లెక్క వేస్తాయి గాని, ఊహ ఊహే.

దృశ్యంలో ఒకే రంగు పెత్తనం చేసినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రపటాలకు ఎర్రని నేపథ్యం ప్రసిద్ధి. అటువంటి పటాన్ని ఫ్రేము నిండా తీస్తే కెమెరా ఆ ఎరుపును వెలుతురు దోషంగా భావించి, దానికి విరుగుడుగా నీలి ఆకుపచ్చ ఛాయను కలుపుతుంది. కొమురవెల్లి మల్లన్న జాతరలో భక్తుల ఒంటి మీద, మెట్ల మీద, గాలిలోను పసుపు (బండారి) నిండి ఉంటుంది. అక్కడ తీసిన చిత్రాలలో పసుపు వెలవెలబోయి, తెల్లని గోడలు నీలం తిరగడం ఇందువల్లనే. సూర్యోదయపు ఎరుపు చిత్రంలో రాలేదన్న ఫిర్యాదుకూ ఇదే సమాధానం.

2020 సెప్టెంబరు 9న కార్చిచ్చుల పొగ వలన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంపై ఆకాశం పట్టపగలే నారింజ రంగుకు మారింది. ప్రజలు ఫోన్లతో తీస్తే ఫోన్లు ఆ రంగును దోషంగా ఎంచి బూడిద రంగు ఆకాశాన్ని చూపాయి. అంతకుముందు 1976 జూలైలో అంగారక గ్రహంపై దిగిన వైకింగ్ 1 నౌక పంపిన తొలి రంగుల చిత్రంలో ఆకాశం నీలంగా విడుదలైంది. నౌకపై అమర్చిన రంగుల పట్టికతో సరిచూసిన తరువాత అక్కడి ఆకాశం లేత గులాబీ పసుపు రంగులో ఉన్నదని తేలింది. నిపుణులైనా సరే, తెలిసిన రంగు ఒకటి చిత్రంలో లేనిదే ఏది వెలుతురు రంగో, ఏది వస్తువు రంగో విడదీయలేరు.

దోషాన్ని గుర్తించే విధానం

చిత్రమంతా సమానంగా నీలం పరచుకొని ఉంటే అది సూర్యోదయానికి ముందటి ఆకాశపు వెలుతురు. చాలా కెమెరాలలో ఆటో అమరిక దాదాపు 3000 నుండి 7000 లేదా 8000 కెల్విన్ల వరకే పనిచేస్తుంది. వేకువ నీలం ఆ హద్దు దాటి ఉండడంతో కొంత నీలం మిగిలిపోతుంది. నీడ అమరిక (షేడ్) ఎంచుకొన్నా, కెల్విన్ సంఖ్యను చేతితో 9000 లేదా 10,000 పెట్టినా ఇది చాలా వరకు తొలగుతుంది. పూర్తిగా తొలగించడం మాత్రం మంచిది కాదు. వేకువ నీలం బొత్తిగా లేని వేకువ చిత్రం మధ్యాహ్నం తీసినట్లే ఉంటుంది.

ఎండ పడిన భాగం బాగుండి నీడలు మాత్రమే నీలంగా ఉంటే అక్కడ రెండు వెలుతురులు ఉన్నాయని అర్థం. చిత్రమంతటికీ ఒకే సవరణ చేస్తే ఒకటి బాగుపడి రెండవది చెడుతుంది. ముఖాలు ముఖ్యమైనచోట మనుషులను పూర్తిగా ఎండలోగాని, పూర్తిగా నీడలోగాని నిలబెట్టడం తేలిక.

దీపాల దగ్గరి భాగం మాత్రమే రంగు తిరిగి ఉంటే కారణం దీపమే. పాత సోడియం దీపాలు సుమారు 2000 కెల్విన్ల నారింజ వెలుగునిచ్చేవి. వాటి కింద నీలి వస్తువులు నల్లగా పడితే ఆ నీలాన్ని ఏ సవరణా తిరిగి తేలేదు, ఎందుకంటే ఆ వెలుగులో నీలం దాదాపుగా లేదు. ట్యూబులైట్ల వెలుగులో పాదరసపు ఆకుపచ్చ పాలు ఎక్కువ. దానికి కెల్విన్ సంఖ్య కాక, ఆకుపచ్చ, ఊదాల మధ్య జరిపే రెండవ అమరిక (టింట్) అవసరం. వీధులలో ఎల్‌ఈడీ దీపాలు వచ్చిన తరువాత నారింజ రంగు తగ్గింది గాని, ఒక్కొక్క దీపం రంగు ఒక్కొక్క తీరుగా ఉండడం వలన ఒకే వీధి చిత్రంలో రెండు మూడు తెలుపులు కనిపించడం మామూలైపోయింది.

వరుసగా తీసిన చిత్రాలలో ఒకటి పసుపుగా, మరొకటి నీలంగా వస్తే రెండు అనుమానాలు ఉన్నాయి. కెమెరాను కొంచెం పక్కకు తిప్పగానే దృశ్యంలోని రంగుల పాళ్ళు మారి ఆటో అమరిక తన ఊహను మార్చుకొని ఉండవచ్చు. అలా కాకుండా, కెమెరా కదలకపోయినా రంగు మారుతూ ఉంటే దీపాల మినుకు కారణం. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు కనుక ట్యూబులైట్లు, కొన్ని చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 మార్లు వెలిగి తగ్గుతాయి. షట్టరు వేగం సెకనులో 50వ లేదా 100వ వంతు ఉంచితే ప్రతి చిత్రంలోను నిండు ఆవృత్తి పడి ఈ తేడా పోతుంది.

సూర్యుని చుట్టూ పసుపు వలయం ఏర్పడి, దానికి బయట ఎరుపు హఠాత్తుగా మొదలైతే అది వైట్ బ్యాలెన్స్ దోషం కాదు. ఎర్ర గళ్ళు పట్టగలిగినంత కాంతి నిండిపోయి, వెనుక వస్తున్న ఆకుపచ్చ దానిని అందుకోవడం వలన ఎరుపు పసుపుగా మారుతుంది. ఎక్స్‌పోజరు తగ్గించి మళ్ళీ తీయడమే దారి. నల్లని నీడలలో ఊదా చారలు, మచ్చలు కనిపిస్తే కాంతి చాలక తీసిన చిత్రాన్ని కంప్యూటరులో బలవంతంగా వెలిగించి ఉంటారు. పాత కెమెరాలలో అనేక సెకన్ల పాటు షట్టరు తెరిచి తీసినప్పుడు ఒక మూల ఊదా వెలుగు వచ్చేది. సెన్సారు పక్కనున్న విద్యుత్ వలయం వేడి దానికి కారణం. షట్టరు మూసి అంతే సేపు మరొక చిత్రం తీసి, మొదటి దాని నుండి దానిని తీసివేసే సదుపాయం కెమెరాలలోనే ఉన్నది. నీటి కదలిక నునుపుగా రావడానికి వాడే గాఢమైన నల్ల ఫిల్టర్లలో చవకవి పరారుణ కాంతిని ఆపలేవు. చిత్రమంతా ఎర్ర మట్టి రంగు తిరిగితే ముందుగా ఆ ఫిల్టరును తీసి చూడాలి.

పొగమంచు సంగతి వేరు. దాని బిందువులు కాంతి తరంగాల కంటె చాలా పెద్దవి కనుక అన్ని రంగులనూ సమానంగా చెదరగొడతాయి. పొగమంచుకు సొంత రంగు లేదు, పడిన వెలుతురు రంగే దాని రంగు. పొయ్యి పొగ మాత్రం సన్నని రేణువుల వలన నల్లని నేపథ్యం ముందు నిజంగానే నీలంగా ఉంటుంది. దానిని సవరించబోవడం అనవసరం. 2020 ఏప్రిల్‌లో గోదావరి జలాలు చేరిన రంగనాయక సాగర్ వంటి పెద్ద జలాశయాల దగ్గర, దూరపు నీరు ఎదుటి ఆకాశపు రంగును అద్దంలా చూపుతుంది, కాళ్ళ దగ్గరి నీరు తన రంగును, అడుగు రంగును చూపుతుంది. ఒకే నీరు రెండు రంగులలో ఉండడం కూడా దోషం కాదు.

పెళ్ళి చిత్రాలు

తెల్లవారుజాము ముహూర్తాలు తెలుగునాట సాధారణం. ఆ వేళ పందిరిలో ఫోకస్ లైట్ల పసుపు, ట్యూబులైట్ల ఆకుపచ్చ, పందిరి అంచుల నుండి వచ్చే వేకువ నీలం, ఫ్లాష్ తెలుపు (సుమారు 5500 కెల్విన్లు) నాలుగూ కలుస్తాయి. వధూవరులు కట్టే మధుపర్కాలు తెల్లనివి కావడం వలన ప్రతి దోషమూ వాటి మీద కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. ఒక భుజం నీలంగా, మరొకటి పసుపుగా ఉండడం తరచు చూడవచ్చును. తెల్లారిన తరువాత రంగుల షామియానా గుండా దిగిన ఎండ ముఖాలకు ఆ గుడ్డ రంగును పూస్తుంది. పచ్చి ఆకుల పందిరి కింద ముఖాలు ఆకుపచ్చగా వస్తాయి. అక్కడే కూర్చున్నవారి కళ్ళు అలవాటు పడి ఉంటాయి కనుక ఎవరికీ అనుమానం రాదు, ఆల్బం వచ్చిన తరువాతనే తెలుస్తుంది. మాంగల్యధారణను మళ్ళీ చేయించి తీయలేరు.

అందుచేత అనుభవజ్ఞులు తంతు మొదలు కాకముందే పీటల దగ్గర బూడిద రంగు అట్టను (గ్రే కార్డు) ఉంచి ఒక చిత్రం తీసుకొంటారు. వెలుతురు మారినప్పుడల్లా మరొకటి తీస్తారు. ఫ్లాషుకు నారింజ రంగు పారదర్శక కాగితం తొడిగితే దాని వెలుగు ఫోకస్ లైట్లతో కలిసిపోయి, మిగిలిన తేడాను ఒకే సవరణతో సరిచేయవచ్చును. కుదిరితే పందిరిలోని ట్యూబులైట్లను ఆర్పించడం అన్నిటికంటె చవకైన ఉపాయం.

పంట ఆకుల చిత్రాలు

రంగు దోషం వలన నిజమైన నష్టం జరిగే చోటు ఇది. రైతులు ఉదయమే పొలానికి వెళ్ళి, రంగు మారిన ఆకును ఫోనులో తీసి వ్యవసాయాధికారికో, ఎరువుల దుకాణానికో పంపడం పరిపాటి అయ్యింది. వరిలో నత్రజని చాలకపోతే కింది ముదురు ఆకులు పసుపు తిరుగుతాయి. ఇనుము, గంధకం లోపిస్తే పై లేత ఆకులు ముందుగా పాలిపోతాయి. జింకు లోపిస్తే ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఈ నిర్ణయాలన్నీ పసుపు, ఆకుపచ్చల మధ్య చిన్న తేడాల మీద ఆధారపడినవి. సూర్యోదయపు బంగారు వెలుతురులో ఆరోగ్యంగా ఉన్న ఆకు కూడా చిత్రంలో పసుపుగా పడుతుంది. అంతకు అర్ధగంట ముందు తీస్తే నిజంగా పసుపు తిరిగిన ఆకు నీలి వెలుతురులో పచ్చగా కనిపిస్తుంది. మొదటి సందర్భంలో అవసరం లేని యూరియా చల్లుతారు, రెండవ దానిలో అవసరమైనది చల్లరు.

అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ప్రచారంలోకి తెచ్చిన పత్రవర్ణ పట్టికను వాడేటప్పుడు నేరుగా ఎండలో కాక, పరిశీలించే వ్యక్తి తన శరీరపు నీడలో ఆకును ఉంచి పోల్చాలని, ప్రతిసారీ ఇంచుమించు ఒకే సమయంలో చూడాలని చెబుతారు. కంటితో చూసే పద్ధతికే ఇంత జాగ్రత్త అవసరమైతే ఫోను చిత్రానికి మరింత అవసరం. సూర్యుడు బాగా పైకి వచ్చిన తరువాత, ఒంటి నీడలో, అనుమానించిన ఆకు పక్కనే అదే వయసు గల ఆరోగ్యకరమైన ఆకును పెట్టి ఒకే చిత్రంలో తీయాలి. వెలుతురు ఏ రంగులో ఉన్నా రెండు ఆకుల మీద సమానంగా పడుతుంది కనుక తేడా నిలుస్తుంది. మొక్కలో ఆ ఆకు ఎక్కడిదో తెలిసేలా నిండు మొక్క చిత్రం ఇంకొకటి పంపాలి.

సరిదిద్దడం

జేపెగ్ చిత్రంలో కెమెరా చేసిన సవరణ శాశ్వతంగా కలిసిపోయి ఉంటుంది. ఎక్కువగా మార్చబోతే రంగులు చారలు కడతాయి. రా ఫైలులో సెన్సారు విలువలు యథాతథంగా ఉంటాయి, వైట్ బ్యాలెన్స్ కేవలం పక్కన వ్రాసిన సూచన. అందువలన వేకువ చిత్రాలను రా ఫైలుగా తీయడం మేలు. ఇప్పుడు చాలా ఫోన్లలో కూడా ఈ సదుపాయం ఉన్నది.

సవరణ సాఫ్టువేర్లలో డ్రాపర్ గుర్తుతో తెల్లని లేదా బూడిద రంగు భాగాన్ని నొక్కితే చిత్రమంతా దానికి తగినట్లు మారుతుంది. ఇక్కడ ఏ తెలుపును నొక్కుతున్నామన్నది ముఖ్యం. తెల్ల బట్టలకు చాకిరేవు నాటి నుండి నీలిమందు పెట్టడం, గోడల సున్నంలో నీలిమందు కలపడం మన అలవాటు. ప్రింటింగ్ కాగితంలోను, బట్టల సబ్బులలోను అతినీలలోహిత కాంతిని నీలంగా మార్చే పదార్థాలు కలుపుతారు, అవి వేకువ ఆకాశపు వెలుతురులో మరీ నీలంగా కనబడతాయి. ఇటువంటి పంచెను, గోడను, కాగితాన్ని తెలుపుగా నొక్కితే చిత్రం పసుపు తిరుగుతుంది. వార్తాపత్రిక కాగితం పసుపు ఛాయ కలది కనుక దానితో చిత్రం నీలమవుతుంది. గ్రే కార్డు లేనప్పుడు బట్టల కంటె పింగాణి పాత్ర కొంత నయం.

సవరించే తెర సంగతి చాలామంది మరచిపోతారు. ఫోన్లలో, కంప్యూటర్లలో రాత్రిపూట తెరను పసుపుగా మార్చే నైట్ లైట్ వంటి సదుపాయం తరచు సూర్యోదయం వరకు పనిచేసేలా అమర్చి ఉంటుంది. వేకువన తీసిన చిత్రాన్ని అక్కడికక్కడే ఆ తెరపై చూసి పసుపు ఎక్కువైందని నీలం కలిపితే, తెల్లవారిన తరువాత అది నీలంగా తేలుతుంది. అడోబ్ ఆర్‌జీబీ వర్ణక్షేత్రంలో తీసిన చిత్రాలను దానిని గుర్తించని ఫోన్లలో చూస్తే రంగులు పాలిపోయి కనిపిస్తాయి. చూసేవారు ఫోన్లలోనే చూస్తారనుకొంటే ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకోవాలి. ప్రింటు వేయించేటప్పుడు నిండు ఆల్బం కంటె ముందు ఒకే చిత్రాన్ని చిన్న సైజులో వేయించి, దానిని పగటి వెలుతురులో కిటికీ పక్కన చూడాలి. ట్యూబులైటు కింద సరిగా తోచిన ప్రింటు ఎండ వెలుతురులో మరొక రంగులో ఉండవచ్చును.